ముఖం చెక్కేసిన శిల్పాన్ని ఫ్లాష్‌తో తీస్తే ఉలి గుర్తులు ఎందుకు మాయమవుతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చరిత్రలో కావాలని పాడుచేసిన బొమ్మలంటే మీకు ఆసక్తి. ఈమధ్యే ఒక ఫ్లాష్ కొన్నారు. ముఖాలు చెక్కేసిన రాతి ఫలకాలను దాంతో తీస్తే అంతా తెల్లగా, చదునుగా వస్తోంది. కంటికి స్పష్టంగా కనబడ్డ ఉలి గుర్తులు ఫొటోలో ఉండటం లేదు. ఫ్లాష్ వాడకం ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి, పాత బొమ్మలకు దానివల్ల హాని ఉందా, ఫొటో చూసి ఆ దెబ్బ కావాలని కొట్టిందో కాదో చెప్పొచ్చా అని మూడు అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఫ్లాష్‌ను కెమెరా నెత్తిమీంచి దించి ఫలకం పక్కన పెట్టండి. వెలుగు ఆ రాతిని దాదాపు రాసుకుంటూ వెళ్లాలి. రాతి తలానికీ వెలుగుకీ మధ్య కోణం 10 నుంచి 15 డిగ్రీలు చాలు. ఫ్లాషూ కెమెరా రెండూ మాన్యువల్‌లో, అంటే సెట్టింగులన్నీ మీరే పెట్టేలా ఉండాలి. చుట్టూ ఉన్న మామూలు వెలుతురు ఫొటోలోకి రాకూడదు. మీ బాధలో ముప్పాతిక వంతు ఇక్కడే తీరిపోతుంది. ఫ్లాష్ మోడలుకీ లెన్సు ఖరీదుకీ దీంతో పెద్దగా సంబంధం లేదు. హాని సంగతి: రాతికి లేదు, మిగతావాటికి చాలా తక్కువ, అయినా అనుమతి లేకుండా వెలిగించకండి. ఇక కావాలని కొట్టిందా అంటే, కొంతవరకే చెప్పగలం. ఇప్పుడు వివరంగా చెప్తాను, కాస్త పొడవే అవుతుంది.

నా పని శిల్పాలు, శాసనాలు, పాత చిత్రపటాలు, ఆల్బమ్‌లు రికార్డు కోసం ఫొటో తీయడం. అందంగా రావాలన్న ఒత్తిడి ఉండదు, ఉన్నది ఉన్నట్టు కనబడాలి. అందుకే కింద చెప్పేవన్నీ ఆ దృష్టితోనే చదవండి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఫ్లాష్ గురించి చెప్పే సలహాలు, అంటే సీలింగ్‌కి కొట్టు, సాఫ్ట్‌బాక్స్ తగిలించు, వెలుగు మెత్తగా రానివ్వు లాంటివన్నీ ఇక్కడ తలకిందులవుతాయి.

ఎందుకంటే గుంట ఉందని, మిట్ట ఉందని కంటికి చెప్పేది నీడ. కెమెరా మీదున్న ఫ్లాష్ లెన్సు చూసే దిక్కులోనే వెలుగు పంపిస్తుంది. నీడలు పడతాయి గానీ అవి గుంటకి వెనకాల, కెమెరాకి కనబడని చోట పడతాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మట్టిరోడ్డు సాఫీగా కనిపించి, పొద్దువాలాక అదే రోడ్డులో ప్రతి గులకరాయీ పొడవాటి నీడతో లెక్కకు రావడం మీరు చూసే ఉంటారు. మీరు చేయాల్సింది ఆ పొద్దువాలిన సూర్యుణ్ణి స్టాండు మీద పెట్టుకోవడం. ఉలి దెబ్బ లోతు ఒక మిల్లీమీటరు ఉన్నా సరే, 10 డిగ్రీల కోణంలో వచ్చే వెలుగుకి దాని నీడ దాదాపు ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది. ఎదురుగా కొట్టిన వెలుగులో ఆ నీడే ఉండదు.

సెటప్ చేసే వరుస ముఖ్యం. చాలామంది ఫ్లాష్ వెలిగించి, తర్వాత కెమెరా సెట్టింగులతో కుస్తీ పడతారు. నేను ఉల్టా చేస్తాను. కెమెరాని ట్రైపాడ్ మీద, సెన్సరు రాతికి సమాంతరంగా ఉండేలా బిగిస్తాను. ఐఎస్ఓ (సెన్సరు వెలుగుకి స్పందించే తీరు) 100, ఎఫ్/8 (అపర్చర్, అంటే లెన్సు తెరుచుకునే మేర), షట్టర్ (అది తెరిచి ఉండే సమయం) సెకనులో 1/200. ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీస్తాను. అది పూర్తిగా నల్లగా రావాలి. ఏమైనా కనిపిస్తోందంటే గది వెలుతురు చొరబడుతోందని అర్థం. లైట్లు ఆపించడమో, నల్లగుడ్డ అడ్డం కట్టడమో చేయాలి. ఆ నల్ల ఫొటో వచ్చాకే ఫ్లాష్ జోలికి వెళ్తాను. అప్పుడు ఫొటోలో కనిపించే ప్రతి వెలుగూ, ప్రతి నీడా నా ఫ్లాష్‌దే. ఏది ఎక్కడినుంచి వచ్చిందన్న సందేహం ఉండదు.

ఇక్కడ ఒక్క సూత్రం తలకెక్కితే ఫ్లాష్ సగం వచ్చేసినట్టే: షట్టర్ స్పీడు చుట్టూ ఉన్న వెలుతురును మారుస్తుంది, ఫ్లాష్ వెలుగును మార్చదు. అపర్చర్, ఐఎస్ఓ రెండింటినీ మారుస్తాయి. ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతులోనో, ఇంకా తక్కువలోనో అయిపోతుంది. షట్టర్ 1/60 అయినా 1/200 అయినా అది పూర్తిగా లోపలికి వచ్చేస్తుంది. అయితే 1/200, 1/250 దాటితే చాలా కెమెరాల్లో సెన్సర్ ఒకేసారి మొత్తం తెరుచుకోదు. ఫొటోలో ఒక నల్లపట్టీ వస్తుంది. దాన్నే సింక్ స్పీడ్ హద్దు అంటారు. హైస్పీడ్ సింక్, అంటే ఫ్లాష్ ఒక్క మెరుపుకి బదులు వరసగా చిన్న మెరుపులు కొట్టే పద్ధతి పెడితే పట్టీ పోతుంది గానీ ఫ్లాష్ శక్తి బాగా తరిగిపోతుంది.

ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెట్టమని, అంటే టీటీఎల్ అనే ఆటో పద్ధతి వద్దని ఎందుకన్నానంటే, అది ప్రతి ఫొటోకీ తనే శక్తి నిర్ణయిస్తుంది. మీరు కోణం 15 నుంచి 10కి మార్చి ఏం తేడా వచ్చిందో చూద్దామనుకుంటే, అది మధ్యలో శక్తి కూడా మార్చేస్తుంది. మీకు ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. నేర్చుకునేటప్పుడు ఒక్కసారి ఒక్కటే మారాలి.

శక్తి ఎంత పెట్టాలన్నదానికి గైడ్ నంబర్ ఉంది. ఫ్లాష్ నుంచి వస్తువుకి ఉన్న దూరాన్ని ఎఫ్ నంబరుతో గుణిస్తే వచ్చేదే అది. మీ ఫ్లాష్ గైడ్ నంబర్ ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో 40 అనుకోండి. 1/16 శక్తికి దించితే అది నాలుగో వంతు, అంటే 10 అవుతుంది. మీటరుంబావు దూరం నుంచి ఎఫ్/8 సరిపోతుంది. కానీ ఇది ఎదురుగా కొట్టినప్పటి లెక్క. ఏటవాలుగా వచ్చే వెలుగు ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి 10 డిగ్రీల దగ్గర దాదాపు రెండున్నర స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాపు తగ్గిందంటే వెలుగు సగమైనట్టు). అందుకని 1/16 దగ్గర మొదలెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) చూసుకుంటూ 1/2 దాకా వెళ్లడానికి సిద్ధంగా ఉండండి. ఫుల్ పవర్ మీద వరసగా కొడితే ఫ్లాష్ వేడెక్కి మొరాయిస్తుంది.

తర్వాత ఎదురయ్యే చిక్కు: ఫ్లాష్ వైపు అంచు తెల్లగా పేలిపోయి, అవతలి అంచు చీకట్లో ఉండిపోవడం. దీనికి ఫ్లాష్‌ని తిట్టి లాభం లేదు, దూరం పెంచాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు ఫలకం అనుకోండి. ఫ్లాష్ దగ్గరి అంచుకి అరమీటరు దూరంలో ఉంటే అవతలి అంచు 110 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వెలుగు దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది కాబట్టి రెండు అంచులకీ మధ్య తేడా దాదాపు ఐదు రెట్లు, అంటే రెండు స్టాపుల పైమాటే. అదే ఫ్లాష్‌ని దగ్గరి అంచుకి 2 మీటర్ల దూరానికి జరిపితే తేడా ముప్పావు స్టాపుకి దిగిపోతుంది. రా ఫైల్లో, అంటే కెమెరా కుదించకుండా దాచిన ఫొటోలో, అది సులభంగా సర్దుకుంటుంది. దూరం పెరిగిన కొద్దీ ఫ్లాష్ మీకు చిన్న చుక్కలా కనబడుతుంది కాబట్టి నీడ అంచు కూడా పదునెక్కుతుంది. రెండు విధాలా లాభమే. వెలుగును మెత్తబరిచే డిఫ్యూజరు తొడుగు తీసేయండి, ఫ్లాష్‌కి వెలుగును ఇరుకు చేసే జూమ్ హెడ్ ఉంటే 105 మి.మీ. మీదకో 200 మి.మీ. మీదకో పెట్టండి.

వెలుగు ఎడమవైపు పైనుంచి రావాలి. ఇది అలంకారం కాదు. మన కన్ను వెలుగు పైనుంచే వస్తుందని నమ్మి చూస్తుంది. ఫ్లాష్‌ని కిందినుంచి కొడితే చాలామందికి గుంట మిట్టలా, మిట్ట గుంటలా కనిపిస్తుంది. చెక్కేసిన ముఖం ఉబ్బుగా కనబడితే ఇక ఆ ఫొటో చూసి ఎవరు ఏం రాసినా తప్పే. కిందినుంచో కుడినుంచో తీయాల్సి వస్తే తీయండి, కానీ వెలుగు వచ్చిన దిక్కు ఫైలు పేరులోనే రాసుకోండి.

ఇప్పుడు మీ అసలు ఆసక్తికి వస్తాను. ధ్వంసం అనగానే మనకి పూనకం వచ్చిన గుంపు, గునపాలు గుర్తొస్తాయి. అలాంటివీ జరిగాయి. కానీ ఏటవాలు వెలుగులో దగ్గర్నించి చూడటం మొదలుపెట్టాక నాకు ఎక్కువగా కనబడింది వేరే. బొమ్మను చెరపడం కూడా ఒక చేతిపనే. ఎవరో నిచ్చెన వేసుకుని, ఉలి పట్టుకుని, ఏది తీసేయాలో ఏది వదిలేయాలో తేల్చుకుని చేశారు. శిల్పి చెయ్యి ఎంత కనబడుతుందో చెరిపినవాడి చెయ్యీ అంతే కనబడుతుంది. ఫొటో తీసేటప్పుడు ఆ రెండో చేతికి మొదటిదానితో సమానమైన శ్రద్ధ ఇవ్వాలన్నది నా పట్టుదల. పోయిన ముఖాన్ని తలుచుకుని బాధపడే ఫొటోలు చాలా ఉన్నాయి, పోయిన చోటు ఎలా ఉందో చూపించేవి తక్కువ.

ఈజిప్టులో దేర్ ఎల్ బహ్రీ గుడి చూడండి. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దపు రాణి హత్‌షెప్సుట్ కట్టించింది. చాలాచోట్ల ఆమె రూపాన్ని గోడమీంచి చెక్కేశారు. పక్కనున్న దేవతలు చెక్కుచెదరలేదు. ఉలి గుర్తులు ఆమె ఆకారం అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాయి, అందువల్ల చెరిపేసిన చోటే ఆమె నీడబొమ్మలా మిగిలింది. పైగా ఇది ఆమె పోయిన వెంటనే జరగలేదు, ఆమె సవతి కొడుకు మూడో తుత్‌మోస్ పాలన చివరి భాగంలో జరిగింది. అందుకే సవతి కొడుకు కక్ష తీర్చుకున్నాడన్న పాత కథను పండితులు ఇప్పుడు అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. తర్వాతి శతాబ్దంలో అఖెనాతెన్ అనే రాజు ఆమున్ దేవుడి పేరునూ రూపాన్నీ దేశమంతా చెక్కించేశాడు. అతని తర్వాత వచ్చినవాళ్లు కర్నాక్ గుడిలో హత్‌షెప్సుట్ స్తంభం మీద ఆమున్‌ని మళ్లీ చెక్కించారు. అలా తిరిగి చెక్కాలంటే పాత దెబ్బలు పోయేంత లోతుకి రాతిని దించాలి. కాబట్టి బాగుచేసిన చోటు చుట్టుపక్కల కంటే కాస్త లోతుగా ఉంటుంది. ఎదురు ఫ్లాష్‌లో ఈ తేడా సున్నా. ఏటవాలు వెలుగులో ఆ లోతు అంచు వెంట సన్నటి నీడ గీత వస్తుంది. చెక్కడం, చెరపడం, మళ్లీ చెక్కడం మూడూ ఒకే ఫొటోలో దొరుకుతాయి.

రోములో సెప్టిమియస్ సెవెరస్ తోరణం ఇంకా సరదా. క్రీస్తుశకం 203లో కట్టారు. శాసనంలో చక్రవర్తి పేరుతోపాటు ఇద్దరు కొడుకుల పేర్లూ ఉండేవి. 211 చివర్లో పెద్దవాడు కారకల్లా తమ్ముడు గేటాని చంపించాక, నాలుగో వరసలో గేటా పేరు పీకేసి ఆ చోట తండ్రినీ తననూ పొగిడే మాటలు పెట్టించాడు. కానీ ఆ అక్షరాలు కంచువి, రాతిలో చీలలతో దిగ్గొట్టినవి. పాత అక్షరాల చీలల రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. ఆ రంధ్రాల వరసను పట్టుకుని చెరిపేసిన మాటలు ఏమై ఉంటాయో తిరిగి కూర్చారు. ఇక్కడ మాత్రం మీ ఫ్లాష్ సంచిలోనే ఉంచండి. అంత ఎత్తుకి పక్కనుంచి వెలుగు పంపడం చిన్న ఫ్లాష్ వల్ల కాదు. పొడవాటి లెన్సు పెట్టుకుని, ఎండ ఆ ముఖం మీద ఏటవాలుగా పడే వేళ కోసం కూర్చోవడమే. ఆరుబయట మధ్యాహ్నం కూడా ఇదే కథ: ఎండని మింగాలంటే కనీసం 1/200, ఎఫ్/16 కావాలి, ఆ ఎఫ్/16 దగ్గర 40 గైడ్ నంబర్ ఫ్లాష్ ఫుల్ పవర్‌లో రెండున్నర మీటర్లే, అదీ ఎదురుగా కొడితే. ఏటవాలు నష్టం కలిపితే చేతికి ఏమీ మిగలదు. నీడలో ఉన్నవి తీయండి, లేదా పొద్దుగూకాక వెళ్లండి.

అదే గేటా ముఖం బెర్లిన్‌లో ఉన్న ఒక చిన్న గుండ్రటి పటంలోనూ లేదు. చెక్క మీద టెంపెరా రంగులతో 200 ప్రాంతంలో వేసిన కుటుంబ చిత్రం. తల్లి, తండ్రి, కారకల్లా ఉన్నారు. గేటా ఉండాల్సిన చోట ముఖం లేని మచ్చ ఉంది. రంగుబొమ్మల సంగతి రాతి కంటే భిన్నం. రంగు పొరకి మందం తక్కువ, అందుకని ఏటవాలు వెలుగు గీకిన చోటి అంచును, పెచ్చులను చూపిస్తుంది గానీ ఏ రంగు మిగిలిందో చూపించదు. రంగు కోసం రెండు ఫ్లాష్‌లు, రెండు పక్కలా 45 డిగ్రీల దగ్గర సమానంగా పెట్టి ఇంకో ఫొటో తీయాలి. వార్నిష్ మెరుస్తుంటే ఆ మెరుపును ఆపడానికి ఫ్లాష్‌ల ముందు పోలరైజింగ్ షీటు, లెన్సు మీద పోలరైజర్ ఫిల్టరు దానికి అడ్డంగా తిప్పి వాడాలి. కాబట్టి ఒక్క ఫొటోతో పని అవదు. గాయానికి ఒకటి, రంగుకి ఒకటి. నెదర్లాండ్స్‌లో ఉత్రెహ్త్ పెద్ద చర్చిలో 16వ శతాబ్దంలో ముఖాలు కోసేసిన రాతి ఫలకం ఒకటుంది. దాని ముందు కట్టిన అడ్డుగోడ తీసేస్తే 1919లో బయటపడింది. బట్టల మీద రంగులు ఇప్పటికీ ఉన్నాయి, ముఖాలు మాత్రం చదునుగా కోసేసి ఉన్నాయి. అలాంటిదాన్ని ఒకే వెలుగులో తీస్తే సగం సంగతే చెప్పినట్టు.

మొజాయిక్‌ల, అంటే చిన్న చిన్న రంగుముక్కలు పొదిగి చేసిన బొమ్మల దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది. బైజాంటియంలో, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంలో 8, 9 శతాబ్దాల్లో పూజాచిత్రాలు ఉండాలా వద్దా అన్న గొడవ రెండు విడతలుగా నడిచి 843లో ముగిసింది. నికేయా, అంటే ఇప్పటి టర్కీలో ఉన్న ఇజ్నిక్‌లోని ఒక చర్చిలో పూజావేదిక వెనక గోడ మీద ముందు మేరీమాత బొమ్మ ఉండేది, దాన్ని తీసి శిలువ పెట్టారు, తర్వాత శిలువను తీసి మళ్లీ మేరీమాతను పెట్టారు. ఈ సంగతి తెలిసింది ఆ ముక్కల మధ్య అతుకుల వల్ల. కొత్తగా పొదిగిన ముక్కలు పాతవాటితో పూర్తిగా కలవవు, అతుకు గీత ఆకారాన్ని పట్టి శిలువ చేతులు ఎక్కడిదాకా వచ్చేవో చెప్పొచ్చు. 1922లో ఆ చర్చి నాశనమైంది. ఇప్పుడు ఆ అతుకులు ఉన్నది అంతకుముందు తీసిన ఫొటోల్లోనే. ఆ ఫొటోగ్రాఫర్ అతుకులు కనబడని వెలుగులో తీసి ఉంటే ఆ మూడు దశల కథ మనదాకా వచ్చేదే కాదు. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలదీ ఇలాంటిదే. 2001 మార్చిలో పేల్చేశాక పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్లో తిరిగి నిలబెట్టగలిగారంటే, 1970లో కొలతల కోసమని జాగ్రత్తగా తీసిన ఫొటోలు ఉండబట్టే. అందుకే మీరు తీసే ప్రతి ఫ్రేములో ఒక స్కేలు, వీలైతే కలర్ కార్డు పెట్టండి. ఇప్పుడు అందం చెడినట్టు అనిపిస్తుంది, పెట్టండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. ధ్వంసమైన బొమ్మలంటే రాళ్లే అనుకోకండి, ఫొటోలు కూడా. 1937లో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడ్డ అతని రహస్య పోలీసు అధిపతి యెజోవ్, 1940లో అతన్ని కాల్చి చంపాక ఆ ఫొటోలోంచి మాయమై నీళ్లయిపోయాడు. అమెరికాలో 1930ల్లో ప్రభుత్వం తరఫున పల్లెల ఫొటోలు తీయించిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగటివ్‌లకి రంధ్రం కొట్టించేవాడు. ఆ నెగటివ్‌లు ప్రింటు వేస్తే ఆకాశంలోనో, రైతు ముఖం మీదో నల్లటి గుండ్రం కనిపిస్తుంది. రాజద్రోహం లేదు, మతం లేదు, ఎడిటరు ఎంపిక, అంతే.

ఒకసారి నా దగ్గరికి ఒక పాత స్టూడియో గ్రూప్ ఫొటో వచ్చింది. అందులో ఒకరి ముఖం గీకేసి ఉంది. మామూలు స్కాన్‌లో అక్కడ తెల్లటి మచ్చ ఒక్కటే కనబడింది. ప్రింటును బల్లమీద పరిచి, మూలలకి బరువులు పెట్టి, ఫ్లాష్‌ని బల్ల ఎత్తుకి దించి తీశాను. ఇక్కడ చిట్కా ఏంటంటే ఫ్లాష్‌ని తిప్పొద్దు, ప్రింటును తిప్పండి. దూరం, శక్తి మారవు. ఒక దిక్కున గీతలేమీ కనబడలేదు. 90 డిగ్రీలు తిప్పేసరికి మొత్తం బయటపడ్డాయి, ఎందుకంటే గీతకి అడ్డంగా వచ్చిన వెలుగే దానికి నీడ ఇస్తుంది, గీత వెంట వచ్చిన వెలుగు ఇవ్వదు. గీతల రెండు అంచులా జెలటిన్ పొర కట్టలా లేచి ఉంది. అంటే సూది మొన లాంటిది. బ్లేడు అయితే పొరను పలకలుగా లేపుతుంది, కట్ట కట్టదు. కళ్ల మీది గీతలను నోటి మీది గీతలు కోసుకుంటూ వెళ్లాయి, అంటే ముందు కళ్లు, తర్వాత నోరు. పక్కనున్న పిల్ల భుజం దగ్గరికి వచ్చిన ఒక గీత సరిగ్గా అంచున ఆగింది. ఎవరు చేశారో ఎందుకు చేశారో ఇంట్లోవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

అలా ఒక్కో దిక్కు ఒక్కో సంగతి చూపిస్తుంది కాబట్టి, ముఖ్యమైన వస్తువైతే అన్ని దిక్కుల నుంచీ తీసి కంప్యూటర్లో కలిపే పద్ధతి ఉంది. రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ అంటారు. 2001లో హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం తెచ్చిన ఆలోచన ఇది. 2005లో ఏథెన్స్‌లోని ఆంటికిథెరా యంత్రం (ప్రాచీన గ్రీకుల పళ్లచక్రాల యంత్రం) మీద అరిగిపోయిన అక్షరాలు చదవడానికి దీన్నే వాడారు. చేసేది మీకు అందుబాటులో ఉన్నదే. కెమెరా కదలదు, వస్తువు కదలదు. పక్కన నున్నటి నల్ల గోళీ ఒకటి పెడతారు. ఫ్లాష్‌ని గొడుగు ఆకారంలో ఊహించుకున్న అర్ధగోళం మీద రెండు మూడు డజన్ల చోట్ల పెట్టి తీస్తారు. ఫ్లాష్‌కి ఒక దారం కట్టి, ప్రతిసారీ దాని కొస వస్తువు దాకా పట్టుకుని దూరం ఒకటేలా చూసుకుంటారు. ఫొటో తీసేముందు దారం తప్పించాలి. గోళీ మీద మెరిసే చుక్క ఎక్కడుందో చూసి సాఫ్ట్‌వేర్ వెలుగు దిక్కు కనిపెడుతుంది. తర్వాత తెర మీద మౌసుతో వెలుగును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. దీనికి ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. మొదటి నెలలోనే దీని జోలికి వెళ్లకండి, ఒక్క ఫ్లాష్ మీద చెయ్యి తిరిగాక వెళ్లండి.

మూడో ప్రశ్న, కావాలని కొట్టిందా? ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాలి. విరిగిన ప్రతి ముక్కూ ఎవరో కోసింది కాదు. విగ్రహం బోర్లా పడితే ముందు తగిలేది ముక్కే, తర్వాత చేతులు. పారిస్ నోత్రదామ్ ముఖద్వారం మీది 28 మంది యూదా రాజుల విగ్రహాలను 1793లో ఫ్రెంచి రాజులనుకుని దించేశారు. వాటిలో 21 తలలు 1977లో ఒక భవనం ఆవరణలో తవ్వితే దొరికాయి, ఇప్పుడు క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. తల తీయడం కచ్చితంగా కావాలని చేసిందే. కానీ ఒక్కో ముఖం మీద ఉన్న ప్రతి పెచ్చూ కావాలని కొట్టిందని ఎలా అంటాం? అంత ఎత్తునుంచి రాయి పడింది, చేతులు మారింది, పూడ్చారు, తవ్వారు.

నేను చూసే గుర్తులు ఇవి. సమాంతరంగా, ఒకే వెడల్పున్న గాళ్లు వరసగా ఉంటే అది పనిముట్టు. దెబ్బలన్నీ కళ్లూ నోరూ చేతులూ పేరూ ఉన్న చోటికే పరిమితమై, కిరీటాలు బట్టలు క్షేమంగా ఉంటే ఎంపిక చేసి కొట్టారన్నమాట. గాడి లోపలి రాయి కూడా బయటిదానిలాగే మసిబారి ఉంటే దెబ్బ పాతది, తెల్లగా ఉంటే కొత్తది కావచ్చు. కావచ్చు అంటున్నాను, ఎందుకంటే కడిగినా తెల్లబడుతుంది. పొరలుగా రేగి, అంచులు గుండ్రంగా అరిగి ఉంటే అది నీళ్లూ ఉప్పూ చేసిన పని. ఇంతవరకే ఫొటో చెప్తుంది. ఎవరు, ఎందుకు అన్నది కాగితాల్లో దొరకాలి. ఇంగ్లండులో విలియం డౌసింగ్ 1643, 44 సంవత్సరాల్లో ఏ చర్చిలో ఏ బొమ్మ పగలగొట్టించాడో తనే డైరీ రాసి పెట్టాడు. అలాంటి అదృష్టం అరుదు. కాగితం లేని చోట, "ముఖం మీద పైనుంచి కిందికి దెబ్బలు, పనిముట్టు వెడల్పు ఇంత" అని రాసి ఆపేయండి. ఫొటో కింద ఫలానా వాళ్లు చేశారని రాయడం చాలా తేలిక, తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

హాని గురించి. రంగు వెలిసిపోవడం అనేది వెలుగు ఎంత, ఎంతసేపు అన్న రెండింటి గుణకారం మీద ఉంటుంది. సున్నితమైన కాగితాలు, బట్టల దగ్గర మ్యూజియంలు వెలుగును 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) మించనివ్వవు. మామూలు చిన్న ఫ్లాష్ మూడు మీటర్ల దూరంనుంచి ఒకసారి వెలిగితే పడే మొత్తం వెలుగు, ఆ 50 లక్స్ గదిలో కొన్ని సెకన్లపాటు పడే వెలుగుతో సమానం. అంటే ఒక్క మెరుపుతో బొమ్మ పాడైపోదు. కానీ రోజూ వేలమంది వెలిగిస్తే లెక్క వేరు. పక్కవాళ్లకి చిరాకు, పూజ జరిగే చోట అమర్యాద కూడా. అందుకే ఫ్లాష్ వద్దని బోర్డు ఉంటే వాదించకండి, సైన్సు మీ వైపు ఉన్నా సరే. రాతపూర్వకంగా అడిగితే గ్యాలరీ మూసేశాక తీసుకోమనే చోట్లు ఉంటాయి. ఇక ఫ్లాష్ కంటే నిజంగా ప్రమాదమైనవి స్టాండు పడిపోవడం, బ్యాగు తగలడం, అక్షరాలు బాగా కనబడాలని రాతిమీద నీళ్లు చల్లడం, సుద్ద రుద్దడం, నూనె పూయడం. ఈ చివరి మూడూ ఎవరు చెప్పినా చేయకండి. స్టాండు కాళ్లమీద ఇసుకసంచి వేయండి.

నేర్చుకోవడానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పుస్తకమంత పలక పోయండి. ఆరాక దానిమీద ఒక ముఖం, కింద నాలుగు అక్షరాలు చెక్కండి. బాగా రాకపోయినా పర్లేదు. ఒకరోజు ఆగి, ముఖాన్ని ఉలితో, అక్షరాలను చాకుతో చెరిపేయండి. ఒక మూల కావాలని కింద పడేసి విరగనివ్వండి. ఇప్పుడు మీ దగ్గర మూడు రకాల దెబ్బలున్నాయి, ఏది దేనితో కొట్టారో మీకు తెలుసు. చీకటి గదిలో పెట్టి, ఫ్లాష్ దూరం 2 మీటర్ల దగ్గర ఉంచి, కోణం ఒక్కటే మారుస్తూ 60, 45, 30, 15, 10, 5 డిగ్రీల దగ్గర తీయండి. తర్వాత 15 దగ్గర ఆపి పలకను 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఎనిమిది తీయండి. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, 5 డిగ్రీల దగ్గర నీడలు ఒకదాన్నొకటి మింగేసి మళ్లీ ఏమీ తెలియకుండా పోవడం కూడా గమనిస్తారు. మరీ వంచినా పని చెడుతుంది. ఉలి గాడి, చాకు గీత, విరిగిన అంచు ఏ కోణంలో ఎలా ఉన్నాయో రాసుకోండి. ఆ ఫొటోలు పెట్టేటప్పుడు ఫ్లాష్ ఎక్కడుందో చిన్న గీతబొమ్మ కూడా గీసి పెట్టండి, చూసి ఏం మార్చాలో చెప్తాను.